కాటా చీటీ

ప్రొద్దుటూరు కడప జిల్లాలో పెన్నానదికి ఉత్తరపు గట్టున నున్న వర్తక పట్టణము. బంగారపు వ్యాపారమును బట్టి దీనిని రెండవ బొంబాయి యని పిలుచుట మా సీమలో వాడుక. సాహిత్యప్రియులకు ఈ పట్టణము పేరు చెప్పగానే పుట్టపర్తి నారాయణాచార్యులవారును, గడియారం వేంకటశేషశాస్త్రిగారును తలపునకు వత్తురు. నేనును తెలుగు బోధించి బ్రతికినవాడనే. అయినను నాకు మొదట జ్ఞప్తికి వచ్చునది ఒక మండీ వాకిట వ్రేలాడిన కాటా.

మా గ్రామము నదికి దక్షిణమున నున్నది. పంట చేతికి రాగానే ఊరి బండ్లన్నియు రాత్రివేళ బయలుదేరి, పెన్న యిసుకలో దిగి, తెల్లవారునప్పటికి బజారు చేరెడివి. ఇసుకలో చక్రములు దిగబడినచో ఒక బండి యెద్దులను విప్పి వేరొక బండికి ముందు కట్టెడివారు. ఆ సందున పిల్లలము చెలమ త్రవ్వి నీరు త్రాగెడివారము. అంత తియ్యని నీరు నేను మరల త్రాగలేదు. జమ్మలమడుగు రేగడి చేలనుండి ప్రత్తియు, పులివెందుల వైపునుండి వేరుసెనగయు ఆ బజారునకే వచ్చెడివి. వేరుసెనగను మావారు శెనక్కాయ లందురు.

1971వ సంవత్సరము మార్గశిర మాసమున నేను మీవలెనే ఎనిమిదవ తరగతి చదువుచుంటిని. అంగళ్లయందు జనులు రేడియోల యెదుట నిలిచి బంగ్లాదేశ్ యుద్ధవార్తలు వినుచుండిరి. మా నాయన 12 బస్తాల కాయలు తెచ్చెను. ఆయనకు చదువు రాదు. గోనెల బరువు పోగా 42 మణుగులని యింటివద్దనే తూచుకొనెను. ఆషాఢమున విత్తనమునకు మండీ యజమాని అప్పిచ్చి యుండెను. అందులకు కుదువగా మా అమ్మ కమ్మలు అతని పెట్టెలో నుండెను.

తూకము ముగిసిన పిదప గుమాస్తా చీటీ వ్రాసి యిచ్చెను. నాయన దానిని నా చేతిలో పెట్టెను. అందు 452 కిలోలని యుండెను. మెట్రిక్ తూనికల చట్టము 1956లోనే వచ్చినను మా పెద్దలు మణుగులు, వీశెలు విడువలేదు. మణుగనగా ఎనిమిది వీశెలు, అనగా 11 కిలోల 340 గ్రాములు. ఆ లెక్కను 42 మణుగులు 476 కిలోలకు పైగా నుండవలెను.

"నాయనా, 24 కిలోలు తక్కువ పడినాయి" అని గట్టిగా అంటిని.

గుమాస్తా నవ్వి, "అది తరుగు అబ్బీ! బస్తాకు రెండు కిలోలు. మీ తాత నాటినుంచి ఉండేదే" అనెను.

యజమాని పద్దు పుస్తకమునుండి తలయెత్తి, "పెద్దాయనా, పిల్లవాణ్ణి బాగా చదివిస్తున్నావే!" అనెను. నాయన తల వంచి, "చిన్నోడు సామీ, తెలియక అన్నాడు" అనెను. నేను తెలిసియే అంటిని.

ఇట్టి తీసివేతలకు అడ్డు కట్టుటకే మద్రాసు రాజధానిలో 1933లో వాణిజ్యపంటల మార్కెట్ల చట్టమును, మన రాష్ట్రమున 1966లో వ్యవసాయోత్పత్తుల మార్కెట్ల చట్టమును చేసిరి. ఆ సంగతి నాకు ఉపాధ్యాయుడనైన పిమ్మట తెలిసెను. ఆనాడే తెలిసినను, కమ్మలు ఎదుటివాని పెట్టెలో నుండగా నాయన నోరు తెరచి యుండునా? నేను నేటికిని చెప్పజాలను. అసలు, వడ్డీ మినహాయింపగా కొంత పైకము బాకీ మిగిలెను. ఆ 24 కిలోల వెల కలిసినచో అది తీరెడిది. కమ్మలు రాలేదు.

తిరుగు దారిలో నాయన నది నడుమ బండి నిలిపి, "అబ్బీ, ఆ లెక్క ఇంకొకసారి చెయ్యి" అనెను. ములుగఱ్ఱతో ఇసుకపై వ్రాసి చూపితిని. ఆయనకు అంకెలు తెలియవు. అయినను చివరివరకు వంగి చూచెను. ఇంటికి చేరినప్పుడు అమ్మ చెవులలో వేపపుల్లలే యుండెను. ఆమె మా మొగములు చూచి యేమియు నడుగక, కాళ్లు కడుగుకొనుటకు నీళ్లు తెచ్చెను.

1972లో వానలు లేవు. బండి కట్టలేదు. 1973లో నాయన నన్ను కాటా ప్రక్కన నిలువబెట్టి, తూకము మొదలు కాకముందే, "మావాడు కూడా రాసుకుంటాడు సామీ" అనెను. యజమాని నావంక కొంతసేపు చూచెను. ఆ దినమున తరుగు బస్తాకు ఒక కిలో అయ్యెను. కమ్మలను నాయన తలపాగ కొంగున ముడివేసుకొని, పెన్న దాటువరకు చేయి దానిమీదనే యుంచెను.