తోలుదట్టి నేర్పిన పాఠము

పఠింపవలసిన భాగములు: నిర్గమకాండము 31:1–11; 35:30–35; మత్తయి 3:4; అపొస్తలుల కార్యములు 9:43.
కంఠస్థము చేయవలసిన వచనము: కీర్తన 90:17.



మన ప్రత్తిపాడు ప్రాంతమందు పత్తితీతలు, మిరపకోతలు ముగిసి కళ్లములు ఖాళీయైన తరువాతగాని మన జనులకు కూర్చుండి మాటలాడుకొను తీరిక దొరకదు. అట్టి తీరిక దినములలో, ఈ వేసవిని, నేను మా మేనమామ యొద్ద కూర్చుండి నా చెల్లెలి కుమారునికొరకు ఒక తోలు నడికట్టు చెక్కితిని. ఆ పిల్లవాడు పైచదువులకు పట్టణము వెళ్లనైయున్నాడు. పాస్టరుగారు ఈ పని ఏల చేసిరని మీరు అడుగవచ్చును. దానికి కారణము నా పాత పాపమొకటి. దానిని ముందుగా ఒప్పుకొని, ఆ తరువాత పాఠములోనికి వెళ్లుదును.

1. పెట్టె అడుగున దాచిన నడికట్టు

మా మేనమామ తండ్రిగారి కాలమువరకు ఆ యింటివారు రైతులకు చెప్పులు కుట్టుచు, ఎడ్లకు మెడపట్టెడలు చేయుచు, బావులమీద కపిల తోలుటకు తోలుబానలు కుట్టి యిచ్చుచుండిరి. బావులకు ఇంజనులు వచ్చినప్పుడు బానలు పోయెను. రబ్బరు చెప్పులు వచ్చినప్పుడు చెప్పులపని తగ్గిపోయెను. మా మామ మిరపచేలలో కూలికి పోయెను గాని తన పనిముట్ల సంచిని మాత్రము విడువలేదు.

ఇరువది యేండ్ల క్రిందట నేను సెమినరీకి బయలుదేరుచుండగా, ఆయన పగలు కూలి చేసి, రాత్రులు దీపము దగ్గర కూర్చుండి నాకొరకు ఒక నడికట్టు చేసెను. దానిమీద పత్తిఆకు, పత్తిపువ్వు, పగిలిన పత్తికాయ చెక్కెను. లోపలివైపున నా పేరులోని మొదటి అక్షరము పెట్టెను. హాస్టలులో ఒక స్నేహితుడు దానిని చూచి, “ఎంత బాగుంది! ఎవరు చేశారు?” అని అడిగెను. “గుంటూరు బజారులో కొన్నాను” అంటిని. మా మామ చేసెనని చెప్పినయెడల ఆయన పని తెలియును, పని తెలిసినయెడల మా పేట తెలియును అని భయపడితిని. ఆ రాత్రి నడికట్టును పెట్టె అడుగున పెట్టితిని. పేతురు మంటయొద్ద ప్రభువును ఎరుగననినప్పుడు కోడి కూసెను. నాకు కోడి కూయలేదు. అందుచేత నేను ఏడ్చుటకు చాలా యేండ్లు పట్టెను.

2. దేవుడు పేరుపెట్టి పిలిచిన పనివాడు

సీనాయి అరణ్యమందు ప్రత్యక్షపు గుడారము కట్టవలసివచ్చినప్పుడు దేవుడు బెసలేలును పేరుపెట్టి పిలిచెను. ఒక మనుష్యుడు దేవుని ఆత్మతో నింపబడెనని లేఖనము మొదట చెప్పినది ఏ రాజునుగూర్చియు కాదు, ఏ ప్రవక్తనుగూర్చియు కాదు. చెక్కుటకును, కోయుటకును, నేర్పుగా పనిచేయుటకును పిలువబడిన ఈ చేతిపనివానిని గూర్చియే. అతనికిని, తోటివాడైన అహోలీయాబునకును ఇతరులకు నేర్పు మనస్సు కూడ దేవుడిచ్చెను (నిర్గమ. 35:34). ఆ గుడారమునకు పైకప్పు దేనితో చేయబడెను? ఎఱ్ఱరంగు వేసిన పొట్టేళ్ల తోళ్లతో (26:14). ఎవరో ఒకడు ఆ తోళ్లను ఒలిచి, కడిగి, పదునుచేసి యుండును గదా.

ఏలీయా నడుమున తోలుదట్టి యుండెను (2 రాజులు 1:8). యోహాను నడుమునను అదే. యూదులు చచ్చిన జంతువులను ముట్టు చర్మకారుని పనిని హీనముగా ఎంచుచుండిరి. అయినను పేతురు యొప్పేలో చర్మకారుడైన సీమోను ఇంట అనేక దినములు బసచేసెను. దేవుడు పవిత్రము చేసినదానిని అపవిత్రమని ఎంచకూడదను దర్శనము అతనికి కలిగినది ఆ యింటి మిద్దెమీదనే.

3. ఈ పని ఎట్లు జరుగును

మా మామ చెప్పినదానిని క్రమముగా వ్రాయుచున్నాను.

చెక్కుడుపనికి అన్ని తోళ్లును పనికిరావు. కర్మాగారములలో క్రోమియము ఉప్పులతో త్వరగా పదునుచేసిన తోలు మెత్తగానుండును గాని చెక్కిన గుర్తును నిలుపుకొనదు. చెట్టుబెరడుతో నిదానముగా పదునుచేసిన తోలే కావలెను. మన పెద్దలు పచ్చితోలును సున్నపునీళ్లలో నానవేసి వెండ్రుకలు తీసి, లోపలి మాంసపు పొర గీకి, బాగుగా కడిగి, తంగేడు చెక్క, తుమ్మ చెక్క, కరక్కాయ వేసిన నీళ్లలో అనేక దినములు ఉంచుచుండిరి. ఆ వాసనను చూచి జనులు ముక్కు మూసికొనిరి. ఆ తోలుతో కుట్టిన చెప్పులు మాత్రము తొడుగుకొనిరి.

నడికట్టు ఒకని కొలతకే చేయబడును. పిల్లవాని నడుము 30 అంగుళములు. బిళ్ల దగ్గర మడత మొదలుకొని ఐదు రంధ్రములలో నడిమిదానివరకు 30 అంగుళములు ఉండవలెను. బిళ్లను చుట్టి మడచుటకు 3 అంగుళములు, నడిమి రంధ్రము దాటి కొసకు 7 అంగుళములు. మొత్తము 40 అంగుళముల పొడవు, ఒకటిన్నర అంగుళము వెడల్పు, 3 లేక 4 మిల్లీమీటర్ల మందము. రంధ్రమునకు రంధ్రమునకు మధ్య ఒక అంగుళము. పిల్లవాడు లావైనను చిక్కినను రెండువైపుల రెండేసి రంధ్రములు మిగిలియుండును.

తరువాత తోలును తడిగుడ్డతో తడుపవలెను. తడిపిన వెంటనే కత్తి పెట్టరాదు. తోలు తన పాతరంగునకు తిరిగి వచ్చుచుండవలెను గాని చెంపకు ఆనించినప్పుడు ఇంకను చల్లగానుండవలెను. అదే సమయము. మరీ తడిగానున్నయెడల గుర్తు నిలువదు. ఆరిపోయినయెడల కత్తి దిగదు.

కాగితముమీద వ్రాసిన పువ్వును మొద్దుమొనతో తోలుమీదికి దింపి, గీతవెంబడి కత్తితో కోయవలెను. కోత మందములో సగము మించరాదు. మించినయెడల నడికట్టు అక్కడనే తెగును. తరువాత గీతకు వెలుపలివైపున ఇనుప అచ్చుపెట్టి కొయ్యసుత్తితో కొట్టుదురు. చుట్టునున్న నేల అణగును, పువ్వు పైకి లేచును. పువ్వుమీద క్రొత్తగా అతికినది ఏమియు లేదు. అది మొదటనుండి ఆ తోలులోనే యున్నది.

నేను మూడవ ఆకు కోయుచుండగా చేయి జారి, గీత పూరేకుమీదికి పోయెను. నేను దిగులుపడితిని. మామ దానిని దీపమువైపు త్రిప్పి చూచి, “కోసిన తోలు మళ్లీ అతకదు అల్లుడా. పారెయ్యాల్సిన పని లేదు. అక్కడ ఇంకో ఆకు పెడదాం” అనెను. ఆలాగే రేకుమీద ఒక ఆకు వచ్చెను. ఇప్పుడు చూచువారికి అది తప్పుగా కనబడదు.

అప్పుడు నా గుండె కరిగి, “మామా, నువ్వు చేసిన నడికట్టు బజారులో కొన్నానని అబద్ధం చెప్పాను” అంటిని. ఆయన తల ఎత్తలేదు.

“నాకు తెలుసులే. సెలవులకి వచ్చినప్పుడు నీ నడుముకి అది లేదుగా” అనెను. కొంతసేపటికి, “తడి ఆరిపోతంది, కత్తి పట్టుకో” అనెను.

నేను దైవశాస్త్ర గ్రంథములలో క్షమాపణను గూర్చి చాలా చదివితిని. ఇంత చిన్న ప్రసంగము ఎక్కడను వినలేదు.

చెక్కుడు ముగిసిన తరువాత తోలును నీడనే ఆరనిచ్చితిమి; ఎండలో పెట్టినయెడల బిరుసెక్కి పగులును. పిమ్మట రంగువేసి, కొద్దిగా నూనె పట్టించి, అంచులను తడిపి నున్నని కఱ్ఱతో రుద్ది, రంధ్రములు కొట్టి, బిళ్ల కుట్టితిమి. లోపలివైపున పిల్లవాని పేరు పెట్టితిమి.

4. తోలుపట్టిన చేతులద్వారా వచ్చిన మేలు

1793లో బంగాళమునకు వచ్చిన విలియం కేరీగారు ఇంగ్లండులో చెప్పులు కుట్టిన మనుష్యుడు. ఒక విందులో ఒకడు ఆయనను తక్కువ చేయవలెనని చెప్పులు చేయువాడా అని అడిగించగా, చేయువాడు కాడు, పాతవాటిని బాగుచేయువాడు మాత్రమే అని కేరీగారు జవాబిచ్చెనని చెప్పుదురు. ఆ చేతులే 1814లో తెలుగు వ్యాకరణమును ప్రకటించెను. 1818లో శ్రీరాంపూరునుండి తెలుగు క్రొత్త నిబంధన వచ్చెను.

మనకు పొరుగుననున్న ఒంగోలు ప్రాంతమందు తోళ్ల వ్యాపారము చేయుచుండిన మాదిగ సహోదరుడు ఎర్రగుంట్ల పేరయ్యగారు 1866లో బాప్తిస్మము పొంది, తనవారి పల్లెలలో తిరిగి సువార్త చెప్పెను. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లిలో ఒక్క దినమున 2,222 మంది బాప్తిస్మము పొందిరి. ఆ పంటకు విత్తనము చల్లినవారిలో ఈ తోళ్ల వర్తకుడు ముందువాడు.

నిమ్మలకుంటలో మేకతోలును పలుచచేసి, ఉలులతో సన్నని రంధ్రములు కొట్టి, రంగులువేసి తోలుబొమ్మలు చేయు దళవాయి చలపతిరావుగారికి 2020లో పద్మశ్రీ ఇయ్యబడెను. లోకము ఆలస్యముగానైనను గౌరవించిన చేతిపనిని, దేవుని ప్రజలమైన మనము సిగ్గుతో దాచవచ్చునా?

5. మనకు అన్వయము

మన పిల్లలందరు తోలుపనియే చేయవలెనని నేను చెప్పుటలేదు. కులమునుబట్టి ఒకని మెడకు ఒక పని కట్టుట అన్యాయము. పిల్లలు చదువుకొనవలెను, తమకు ఇష్టమైన పని ఎన్నుకొనవలెను. అయితే ఒక పనిని విడుచుట వేరు, ఆ పనిచేసి మనలను పెంచిన చేతులను ఎరుగననుట వేరు. మొదటిది స్వాతంత్ర్యము, రెండవది పాపము. కన్నవారి వృత్తి అడిగినప్పుడు మీ కుమారుడు ఏమి చెప్పుచున్నాడు? అతడు అబద్ధమాడినయెడల ఆ సిగ్గును అతనికి నేర్పినది ఎవరు?

మా పిల్లవాడు ఆ నడికట్టు పెట్టుకొని బయలుదేరునాడు నేను అతనికి ఒక్క మాటే చెప్పితిని: “ఎవరు చేశారని అడిగితే మీ తాతయ్య, మామయ్య చేశారని చెప్పు.” వాడు చెప్పునో లేదో నేను ఎరుగను. సత్యమను దట్టిని నడుమునకు కట్టుకొనుడని పౌలు ఎఫెసీయులకు వ్రాసెను (6:14). దానిని ఎవరికి వారే కట్టుకొనవలెను. నా పాత నడికట్టును పెట్టెలోనుండి తీసితిని. ఇప్పుడది కొస రంధ్రమునకుగాని అందుటలేదు. దానిని కట్టుకొనియే ఆదివారము బలిపీఠమునొద్ద నిలుచుచున్నాను.

కూడికలలో చర్చించుటకు ప్రశ్నలు

1. దేవుడు బెసలేలునకు ఇచ్చిన వరములు ఏవి? అవి నేడు మన సంఘములో ఎవరియందు కనబడుచున్నవి?
2. పేతురు చర్మకారుని ఇంట బసచేయుటకును అతనికి కలిగిన దర్శనమునకును గల సంబంధమేమి?
3. మీ యింటి పెద్దలు ఏ పనిచేసి మిమ్మును పెంచిరి? ఆ మాట మీ పిల్లలకు చెప్పితిరా?

ప్రార్థన: వడ్రంగి బల్లయొద్ద పనిచేసిన మా ప్రభువా, మమ్మును పెంచిన చేతులను గూర్చి మేము సిగ్గుపడిన దినములను క్షమించుము. మా చేతిపనిని స్థిరపరచుము. ఆమేన్.