ట్యాపెట్ జరంత మోగాలె
(ఒక కొడకండ్ల మెకానిక్ అనుభవ పాఠాలు)

కొడకండ్ల, దేవరుప్పుల, పాలకుర్తి, తొర్రూరు దిక్కు బండి పని నేర్చుకుంటున్న పిల్లలు నన్ను ఎక్కువగ అడిగేది ఒక్కటే: “కాకా, ట్యాపెట్ ఎట్ల పెట్టాలె?” చేతుల పెట్టి చూపిస్తే అది చిన్న పనే. ఎందుకు పెడుతున్నమో తెల్వకుండ పెడితే మాత్రం ఆ చిన్న పనితోనే ఇంజన్ ఆయుష్షు తీస్తం. అందుకే రాసి పెడుతున్న. రాళ్లల్ల రప్పలల్ల తిరిగే ఏటీవీ కానీ, మన స్ప్లెండర్ కానీ, పత్తి చేన్ల కలుపు తీసే పవర్ వీడర్ కానీ, ఫోర్ స్ట్రోక్ ఇంజన్ అన్నంక ఈ మాటలు అన్నిటికీ వర్తిస్తయి.

1. ఆ సందు ఎందుకున్నదో ముందుగాల తెల్సుకో

కామ్ తిరుగుతది, రాకర్‌ను లేపుతది, రాకర్ పోయి వాల్వ్ కాడను నొక్కుతది, వాల్వ్ తెరుచుకుంటది. రాకర్ చివరన ఉన్న స్క్రూకు, వాల్వ్ కాడకు నడుమ కంపెనీ కావాలనే జరంత సందు విడిచిపెట్టింది. ట్యాపెట్ పెట్టుడంటే ఆ సందును సరిచేసుడే. పాత స్ప్లెండర్‌కు ఆ సందు 0.05 మిల్లీమీటర్లు, అంటే సన్నటి తలవెంట్రుకంత.

ఇనుము కాగితే సాగుతది. ఎగ్జాస్ట్ వాల్వ్ తల ఆరేడు వందల డిగ్రీల వేడి మీద పని చేస్తది. ఆ వేడికి వాల్వ్ పొడుగైతది. పొడుగైన కాడకు జాగ లేకుంటే అది పోయి రాకర్‌కు తన్నుతది, వాల్వ్ పూర్తిగ మూసుకోదు. ఇక్కడ్నే అసలు సంగతి ఉన్నది. వాల్వ్‌కు పట్టిన వేడి ఎక్కువ భాగం బయటికి పోయేది అది సీటు మీద ఆనుకొని కూర్చున్నప్పుడే. కూర్చోకపోతే వేడి పోయే తొవ్వ లేదు. ఆ సన్న సందుల నుంచి మంట దూసుకొస్తది, వాల్వ్ అంచు కాలి గుంత పడతది. ఇగ కంప్రెషన్ నిలవదు.

ఇంజన్ నిమిషానికి 5000 చుట్లు తిరుగుతున్నదనుకో, ఒక్కో వాల్వ్ 2500 సార్లు లేచి కూర్చుంటది. కూర్చున్న ప్రతిసారీ దానికి చల్లబడే అవకాశం ఉండాలె. మనం పెట్టే సందు ఆ అవకాశాన్ని కాపాడేటందుకే.

2. మోగే ట్యాపెట్‌కు భయపడకు, మోగని ట్యాపెట్‌ను అనుమానించు

ఈ వ్రాతల ఒక్కటే యాదికుంచుకుంట అంటే ఈ పాఠమే ఉంచుకో.

షాపుకొచ్చే మనిషి మొదటి మాట “అన్నా, ట్యాపెట్ సప్పుడు వస్తున్నది, జర టైట్ చెయ్యి” అనే ఉంటది. టైట్ చేస్తే సప్పుడు పోతది, ఆయన సంబురంగ పైసలిచ్చి పోతడు. కొన్ని దినాలకు బండి పొద్దుగాల కిక్కుకు అందదు. స్లోల నిలవదు, రేజ్ విడిస్తే ఆగిపోతది. చెరువు కట్ట ఎక్కేటప్పుడు పికప్ ఉండదు, సైలెన్సర్ల టప్ టప్ అని పేల్తది, మైలేజ్ పడిపోతది. అప్పుడు అందరి అనుమానం కార్బురేటర్ మీదికి, ప్లగ్గు మీదికి పోతది. వాటిని మార్చినా బండి మారదు. ట్యాపెట్ మూత తీసి చూసేటాళ్లే తక్కువ, ఎందుకంటే అక్కడ సప్పుడు లేదు గద.

లూజు ట్యాపెట్ కూడ మంచిది కాదు. సందు ఎక్కువైతే వాల్వ్ ఆలస్యంగ లేస్తది, తొందరగ మూసుకుంటది, పూర్తిగ తెరుచుకోదు. తాకిన ప్రతిసారీ సుత్తి దెబ్బ పడ్డట్టే, రాకర్, కాడ కొన అరుగుతయి. అయినా లూజున్నది నోరు తెరిచి చెప్తది. టైటున్నది చెప్పకుండనే వాల్వ్‌ను కాలుస్తది. రెండిట్ల ఏది పెద్ద నష్టమంటే నేను టైటే అంట.

ఇంకోటి వినుండ్రి. ఎవరూ ముట్టకుండనే సందు తగ్గిపోతది. వాల్వ్ సీటు మీద పడీ పడీ సీటు అరుగుతది, వాల్వ్ జరంత లోపలికి దిగుతది. అది లోపలికి దిగితే కాడ కొన రాకర్ దిక్కు పైకి వస్తది, సందు మూసుకుంటది. నిన్నటిదాక టిక్ టిక్ అన్న బండి పానా పెట్టకుండనే సప్పుడు బంద్ చేసిందంటే సంతోషపడొద్దు, ఆ దినమే మూత తీసి చూడాలె. గ్యాస్ మీద నడిచే ఆటోలకు ఇది తొందరగ వస్తది. గ్యాస్ పొడిగ కాలుతది, వాల్వ్ సీటుకు పెట్రోల్ ఇచ్చే తడి ఇయ్యదు.

1985 సంవత్సరంల హీరో హోండా సీడీ100 వచ్చినప్పుడు పెట్రోల్ నింపి, మూత పెట్టి, మరిచిపొమ్మని ప్రకటన ఇచ్చింది. దేశమంతట ఆ మాట పాకింది. మరిచిపొమ్మన్నది పెట్రోల్ సంగతి. ట్యాపెట్ మరిచిపొమ్మని ఆ కంపెనీ ఏ పుస్తకంల రాయలేదు, చూడుమనే రాసింది.

3. ఇంజన్ చల్లగ ఉండాలె, అంటే నిజంగ చల్లగ

పుస్తకంల రాసిన సందు చల్లటి ఇంజన్‌కు రాసిన లెక్క. జనగామ నుంచి నడుపుకొచ్చి స్టాండేసి “నేను ఛాయ తాగి వస్త, పెట్టెయ్యి అన్నా” అంటే పెట్టొద్దు. చెయ్యి పెడితే పైన సల్లగ అనిపించినా లోపల వేడి ఉంటది. బండిని మాపటికి వచ్చి షాపుల విడిచి పొమ్మను, పొద్దుగాల షట్టర్ తీసినంక మొదటి పని అదే చెయ్యి. ఎండకాలం ఎండల నిలబెట్టిన బండిని నీడకు తెచ్చి ఉంచి, తర్వాత ముట్టు. ఎంత తొందరపెట్టే గిరాకీ అయినా ఇందుల ఒప్పుకోవద్దు.

4. టీ గుర్తు రెండుసార్లు వస్తది, ఒక్కటే పనికొస్తది

రాజ్‌దూత్, ఆర్‌ఎక్స్100, పాత మోపెడ్ల మీద పని నేర్చుకున్నోళ్లకు ట్యాపెట్ వాల్వ్ అనేదే లేదు. టూ స్ట్రోక్‌ల పిస్టనే కిటికీలు తెరిచి మూస్తది. 2000 సంవత్సరంల పొగ నిబంధనలు గట్టిపడ్డంక టూ స్ట్రోక్ బండ్లు ఒక్కొక్కటే ఎల్లిపోయినయి. ఎక్సెల్ 100 వచ్చినంక మోపెడ్‌కు కూడ వాల్వులొచ్చినయి. అందుకే ఈ పాఠం పాత మేస్త్రీలకు సుత అవసరమే.

ఫోర్ స్ట్రోక్‌ల క్రాంక్ రెండు చుట్లు తిరిగితే కామ్ ఒక్క చుట్టు తిరుగుతది. అందుకని మాగ్నెట్ మీది ‘టీ’ గుర్తు కవర్ మీది గీతకు రెండుసార్లు ఎదురొస్తది. ఒకసారి కంప్రెషన్ చివర్న వస్తది. అప్పుడు రెండు వాల్వులూ మూసే ఉంటయి. రెండోసారి ఎగ్జాస్ట్ చివర్న వస్తది. అప్పుడు రెండూ జరజర తెరిచే ఉంటయి. మనకు కావాల్సింది మొదటిది.

చేసే తీరు ఇది. ప్లగ్గు విప్పితే ఇంజన్ చేతికి తేలికగ తిరుగుతది. ఎడమ దిక్కు మాగ్నెట్ కవర్‌కు ఉన్న రెండు చిన్న మూతలు తియ్యి. నడుమ నట్టుకు గోటి పానా పెట్టి, స్ప్లెండర్ అయితే గడియారం ముల్లుకు ఎదురు దిక్కు, మెల్లగ తిప్పు. ఇన్‌లెట్ రాకర్ కిందికి పోయి మల్ల పైకి వచ్చేదాక చూడు. ఆ తర్వాత ఎదురొచ్చే టీ గుర్తు మీద ఆపు. ఇప్పుడు రెండు రాకర్లనూ వేళ్లతో కదిపి చూడు. రెండూ జరంత ఆడాలె. ఒకటన్నా బిగుసుకొని ఉంటే ఇంకో పూర్తి చుట్టు తిప్పి మల్ల చూడు. అప్పుడు సుత ఒకటి ఆడకపోతే ఆ వాల్వ్ టైటున్నట్టే, నువ్వు వెతికే రోగం దొరికినట్టే.

5. చెవి కాదు, గేజ్ చెప్పాలె

స్క్రూ పూర్తిగ బిగించి అందాజగ వెనకకు తిప్పి, స్టార్ట్ చేసి విని, సప్పుడు పోయేదాక సవరించే పద్ధతి మన దిక్కు చానా షాపులల్ల ఉన్నది. అది విడిచిపెట్టుండ్రి. ఫిల్లర్ గేజ్ సెట్టు రెండు మూడు వందలకు దొరుకుతది. అది లేని షాపు ట్యాపెట్ పని పట్టొద్దనే నా మాట.

రేకును గుడ్డతోని తుడువు, నూనె అంటి ఉంటే లెక్క తప్పుతది. రాకర్ స్క్రూకు కాడకు నడుమ రేకు పెట్టు. అది దూరాలె, గుంజితే జరంత పట్టుకోవాలె, వంగొద్దు. లాక్ నట్టు విప్పి స్క్రూ సవరించి, స్క్రూను పట్టుకొనే నట్టు బిగించు. నట్టు బిగించేటప్పుడు స్క్రూ దాని వెంబడి తిరుగుతది, అది ప్రతి ఇంజన్‌కు ఉన్నదే. అందుకే నట్టు బిగించినంక మల్ల రేకు పెట్టి చూడకుండ మూత పెట్టొద్దు. చివరి పరీక్ష ఇట్ల చేస్తే అనుమానం ఉండదు: 0.05 రేకు దూరాలె, దానికన్నా పెద్ద రేకు 0.08 దూరొద్దు. ఇంజన్‌ను రెండు చుట్లు తిప్పి మల్ల టీ కాడికి తెచ్చి ఇంకొక్కసారి చూడు.

మాది నేత పనికి పేరున్న ఊరు. నేత ఇండ్ల నుంచి షోలాపూర్, భివండి పోయి మగ్గాల మీద పని చేసొచ్చిన వాళ్ల పిల్లలకు ఈ రేకు పట్టు తొందరగ అబ్బుతదని నేను గమనించిన. దారం బిగువు చూసిన వేళ్లకు ఎంత పట్టు చాలో తెలుస్తది. అయినా ఎవరికైనా చేస్తుంటే చేస్తుంటే వచ్చేదే.

6. మూత తీసే ముందు కడుగు

మన తొవ్వల ఎర్ర దుమ్ము, వరి కోతల పొట్టు, పత్తి నూగు అన్నీ హెడ్ చుట్టూ పేరుకొని ఉంటయి. బ్రష్‌తోని శుభ్రం చెయ్యకుండ మూత తీస్తే అదంత కామ్ మీద పడతది. మూత రబ్బరు రింగు గట్టిపడితే మార్చు. దాని ధర పది రూపాయలే, ఆయిల్ కారితే పోయేది ఇంజన్.

7. ఒక్కో ఇంజన్‌ది ఒక్కో లెక్క

ఏటీవీ అంటే మనకు హైదరాబాదు చుట్టుపక్కల రిసార్టులల్ల నడిపే బండిగనే తెలుసు. దాని పుట్టుక మాత్రం మన స్ప్లెండర్‌కు దగ్గర చుట్టరికమే. 1970 సంవత్సరంల హోండా అమ్మిన యూఎస్90 అనే మూడు చక్రాల బండిల 89 సీసీ ఫోర్ స్ట్రోక్ ఇంజన్ ఉండె, పడుకున్న సిలిండర్‌ది. సీడీ100లను, 1994 నుంచి స్ప్లెండర్‌లను నడిపిన 97.2 సీసీ ఇంజన్ కూడ ఆ వంశమే. ఇప్పుడు పిల్లల ఏటీవీలల్ల వచ్చే చైనా 110 సీసీ ఇంజన్లు సుత చానా మటుకు దాని అచ్చులే. స్ప్లెండర్ ట్యాపెట్ చేతనైన పిల్లగాడు ఆ ఏటీవీ మూత తీస్తే కొత్తగ ఏం అనిపించదు.

అట్లని ఒక్క లెక్కే అన్నిటికీ పెట్టొద్దు. వీపుకు తగిలించుకునే మందు కొట్టే మిషన్లకు వచ్చే హోండా జీఎక్స్35 ఇంజన్‌కు ఇన్‌లెట్ 0.08, ఎగ్జాస్ట్ 0.11 మిల్లీమీటర్లు. పవర్ వీడర్లకు, నీళ్ల పంపులకు వచ్చే జీఎక్స్160కు ఇన్‌లెట్ 0.15, ఎగ్జాస్ట్ 0.20. ఎక్కువ కాగేది కాబట్టి ఎగ్జాస్ట్‌కు సందు ఎక్కువ. పాత ఇనుప ఇంజన్ బుల్లెట్‌కు పుష్ రాడ్లుంటయి, వాటికి గేజ్ పెట్టరు. రాడ్ వేళ్లతోని తిప్పితే తిరగాలె, పైకి కిందికి ఆడొద్దు. కేటీఎం అసొంటి బండ్లల్ల స్క్రూనే ఉండదు, షిమ్ అనే చిన్న బిళ్ల మార్చాలె. అది కొలిచి, లెక్క కట్టి, సరైన బిళ్ల దొరికితేనే చేసే పని. చేతకాకపోతే ముట్టొద్దు. నా నోటి మాట కన్నా బండితోని వచ్చిన పుస్తకం మాట ఎక్కువ.

8. ప్రతి సప్పుడూ ట్యాపెట్‌ది కాదు

ట్యాపెట్ టిక్ టిక్ అంటది, పైన హెడ్ కాడ, సన్నగ, లెక్క తప్పకుండ. టైమింగ్ చైన్ సాగితే గరగర అంటది, రేజ్ విడిచినప్పుడు ఎక్కువగ వినపడతది. ఆ సప్పుడుకు ట్యాపెట్ టైట్ చేస్తే చైన్ బాగుపడదు, పైగా వాల్వ్ కాలుతది. ట్యాపెట్ మంచిగ పెట్టినంక సుత సప్పుడు ఎక్కువుంటే కామ్ అరిగిందేమో, రాకర్ మొఖం గుంత పడ్డదేమో చూడు. దానికి మూలం చానా సార్లు ఆయిల్. ఈ ఇంజన్లల్ల పట్టేదే లీటరుకు తక్కువ. అందుల సగం తగ్గితే పైన కామ్ దాక ఏం పోతది? గేజ్ తీసే ముందు ఆయిల్ పుల్ల తీసి చూసే అలవాటు చేసుకో.

ఇగ సరిగ పెట్టిన సందు కొద్ది దినాలకే మల్ల మూసుకుంటున్నదంటే అది ట్యాపెట్ పని కాదు, హెడ్ పని. గిరాకీకి ఆ మాట మొఖం మీదనే చెప్పాలె.

9. పొలం మిషన్లను ఎవరు చూస్తున్నరు?

బండికన్నా సర్వీసింగ్ ఉంటది. పవర్ వీడర్‌కు, స్ప్రేయర్‌కు ఎవరూ చెయ్యరు. సీజన్‌ల పొద్దంత ఫుల్ రేజ్ మీద, దుమ్ముల, ఎండల నడుపుతరు. సీజన్ కాంగనే ఇంటెనక పెడతరు, మల్ల వానలు పడంగ తీసి తాడు గుంజుతరు. స్టార్ట్ కాకపోతే మిషన్ పాడైందనుకొని తక్కువకు అమ్ముకున్నోళ్లను నేను చూసిన. అందుల కొన్ని ఉట్టి ట్యాపెట్ టైటయినవే. కూలీలు దొరకని కాలంల చిన్న రైతు అప్పు తెచ్చి కొన్న మిషన్ అట్ల పోవుడు నాకు బాధ.

రాష్ట్రంల రైతు వేదికలను 2020 అక్టోబర్ 31 నాడు అప్పటి ముఖ్యమంత్రి మొదలుపెట్టింది మా కొడకండ్లలనే. విత్తనాలు, ఎరువులు, పురుగు మందుల గురించి అక్కడ చెప్పాల్సిందే. వాటితోని పాటు మిషన్ల గురించి సుత చెప్పాలె. వ్యవసాయ అధికారులను అడుగుతున్న: వానకాలం పనులు మొదలుగాక ముందు ఒక్క పొద్దుగాల రైతులను వాళ్ల వీడర్లు, స్ప్రేయర్లు పట్టుకొని వేదిక కాడికి రమ్మనుండ్రి. పని నేర్చుకుంటున్న పిల్లలను సుత పిలువుండ్రి. ఫిల్లర్ గేజ్ పట్టుకొని నేను వస్త, పైసలేం వద్దు.