జట్టు యజమానే ట్రాక్ యజమాని అయితే?

పిల్లలూ, మన విద్యాలయంలో హౌస్‌ల మధ్య కబడ్డీ పోటీ జరుగుతోందనుకోండి. విజిల్ పట్టుకున్న మాస్టారే ఒక జట్టుకు హౌస్ మాస్టర్ కూడా. ఆయన ఎంత నిజాయితీగా తీర్పు చెప్పినా ఓడిన పిల్లలు గుసగుసలాడక మానరు. మేము ఏ ఊరికి బదిలీ అయి వెళ్ళినా ఈ గుసగుస వింటూనే ఉన్నాం. అమెరికా కార్ల పందేల్లోనూ ఇదే ప్రశ్న తలెత్తింది. ఆ కథే ఈ పాఠం.

చక్రాల మీద కప్పు లేకుండా, ఒక్కరే కూర్చుని నడిపే పందెం కారును ఓపెన్ వీల్ కారు అంటారు. అమెరికాలో ఈ కార్ల పోటీల వరుస పేరు ఇండీకార్. అందులో అన్నిటికన్నా పెద్దది 1911లో మొదలైన ఇండియానాపోలిస్ 500. రెండున్నర మైళ్ళ ట్రాక్ మీద 200 చుట్లు తిరగాలి. అంటే 500 మైళ్ళు, దాదాపు 805 కిలోమీటర్లు.

ఈ పందెం ఎక్కువసార్లు గెలిచిన జట్టు టీమ్ పెన్స్కీ. యజమాని రోజర్ పెన్స్కీ ఒకప్పుడు తానే రేసు డ్రైవరు. 1966లో జట్టు పెట్టారు. 1969లో తొలిసారి ఇండియానాపోలిస్ పందెంలో దిగారు. 1972లో మార్క్ డోనహ్యూ ఆ జట్టుకు అక్కడ మొదటి గెలుపు తెచ్చారు. 2024 నాటికి గెలుపులు 20 అయ్యాయి.

ఓటములూ ఉన్నాయి. 1994లో నిబంధనల్లోని ఒక వెసులుబాటు చూసుకుని, రహస్యంగా తయారు చేయించిన మెర్సిడెస్ ఇంజనుతో ఈ జట్టు గెలిచింది. మరుసటి ఏడాది అదే జట్టు కారు ఒక్కటి కూడా అర్హత పోటీ దాటలేకపోయింది!

అసలు మలుపు 2019 నవంబరులో వచ్చింది. 1945 నుంచి హల్మన్ కుటుంబం చేతిలో ఉన్న ట్రాక్‌ను, దానితోపాటు ఇండీకార్‌ను పెన్స్కీ కంపెనీ కొంటున్నట్టు ప్రకటించింది. 2020 జనవరిలో అవి చేతులు మారాయి. జట్టుకు పందెం వ్యూహాలు చెప్పే పనిని పెన్స్కీ మానుకున్నారు. అయినా జట్టూ, ట్రాకూ, నియమాలు అమలుచేసే సంస్థా ఒక్కరివే అయ్యాయి.

2024 తొలి పందెంలో పెన్స్కీ డ్రైవరు జోసెఫ్ న్యూగార్డెన్ గెలిచారు. అనుమతి లేని సమయంలో ఇంజనుకు అదనపు శక్తినిచ్చే మీట వాడారని తేలి, ఆ గెలుపు రద్దయింది. 2025లో ఇండియానాపోలిస్ అర్హత పోటీల వేళ, మార్చకూడని ఒక భాగాన్ని ఈ జట్టు రెండు కార్లలో నునుపు చేసినట్టు బయటపడింది. ఆ రెండు కార్లనూ వరుసలో చిట్టచివరికి పంపారు. పెన్స్కీ తన జట్టులోని ముగ్గురు పెద్ద అధికారులను తొలగించారు. తీర్పరులను యాజమాన్యం నుంచి వేరుచేస్తామని ఇండీకార్ ప్రకటించింది.

“సొంత జట్టునే శిక్షించారు కదా, ఇంకేం కావాలి?” అని మీరు అడగవచ్చు. మంచి ప్రశ్నే. కానీ ఆ శిక్ష సరిపోయిందా, ఎక్కువైందా అన్నది ఇతర జట్లు ఎవరిని అడగాలి? యజమాని మంచివాడైనా, తీర్పరి ఆయన దగ్గర జీతం తీసుకుంటున్నంత కాలం అనుమానం పోదు. దానివల్ల నిజాయితీగా తీర్పు చెప్పేవారికే ఎక్కువ నష్టం. అందుకే మన పోటీల్లోనూ మూడో హౌస్ మాస్టారి చేతికి విజిల్ ఇద్దాం.

ఆలోచించండి:
1. నియమంలోని వెసులుబాటును వాడుకోవడానికీ, నియమాన్ని మీరడానికీ తేడా ఏమిటి?
2. మీరే ఇండీకార్ యజమాని అయితే తీర్పరులను ఎవరి చేత నియమింపజేస్తారు? అయిదు వాక్యాల్లో రాయండి.