మీటలతో నడచు ఎడిటరు: చేతికి తగిన సవరణ

వడ్రంగి క్రొత్త బాడిసెను కొన్ననాడే దాని పిడిని తన పిడికిటికి తగునట్లు చెక్కుకొనును. పొరుగువాని పిడి యెంత నునుపైనను అతనికి పనికిరాదు. ప్రోగ్రాములు వ్రాయువారికి విమ్ అను ఎడిటరు అట్టి పనిముట్టు. మౌసును తాకకయే, కేవలము మీటలతో దీనిని నడపవచ్చును. దీనిని సవరించుకొను విధమును ఇచ్చట వివరింతుము.

ముందు దీని పుట్టుక నెఱుగవలెను. 1976లో అమెరికాలోని బర్క్‌లీలో విద్యార్థిగా నున్న బిల్ జాయ్ 'వీఐ' అను ఎడిటరును రచించెను. అతడు వాడిన ఏడీఎమ్-3ఏ యంత్రముపై హెచ్, జె, కె, ఎల్ మీటలమీదనే బాణపు గుర్తులుండెను. కావున నేటికిని ఆ నాలుగే ఎడమకు, క్రిందికి, మీదికి, కుడికి నడపుచున్నవి. 1991లో బ్రామ్ మోలెనార్ ప్రకటించిన విమ్ ఆ పద్ధతినే పెంపొందించెను.

ఇందు ఆజ్ఞాస్థితి, రచనాస్థితి యని రెండు ముఖ్యస్థితులు గలవు. మొదటిదానిలో మీట ఆజ్ఞ యగును, రెండవదానిలో అక్షరమగును. రచన ముగించి ఆజ్ఞకు మరలుటకు ఎస్కేప్ మీట నొక్కవలెను. ఆనాటి యంత్రముపై అది నేటి ట్యాబ్ మీట యున్న చోట నుండెడిది. నేడు దూరపు మూలకు జరిగినది. సవరణ యవసరము ఇచ్చటనే పుట్టినది.

సవరణలను విమ్‌ఆర్‌సీ అను ఫైలునందు వరుసకొక్కటిగా వ్రాయుదురు. రచనాస్థితిలో జె, కెలను వెంటవెంట కొట్టినచో ఎస్కేప్ అగునట్లు ఒక వరుస వ్రాసికొన్నచో చేయి కదల్పనక్కరలేదు. 'సెట్ నంబర్' అనినచో పంక్తులకు సంఖ్యలు కనబడును; దోషమున్న పంక్తిని వెదకుట సులభమగును. 'సెట్ ఎక్స్‌పాండ్‌ట్యాబ్' అనినచో ట్యాబునకు బదులు ఖాళీలు పడును. పైథాన్‌లో ఆ రెండును కలగలసినచో దోషము రావచ్చును.

తెలుగు విద్యార్థులకు మఱియొక చిక్కు గలదు. ప్రోగ్రాము నడుమ వివరణను తెలుగున వ్రాసి, ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డును మార్చకయే ఆజ్ఞాస్థితికి వచ్చినచో, జె మీట 'ర' యనియు, కె మీట 'క' యనియు పలుకును, ఎడిటరు కదలదు. 'లాంగ్‌మ్యాప్' అను సవరణలో 'ర'ను జెతోను, 'క'ను కెతోను జతపరచినచో ఆ చిక్కు తీరును. కావున మాతృభాషలో వివరణ వ్రాయుటకు వెనుదీయరాదు.

ఒక హెచ్చరిక. మే మెఱిగిన విద్యార్థి యొకడు పై తరగతివాని పొడవైన ఫైలును యథాతథముగా నకలు చేసికొనెను. ప్రయోగపరీక్షనాడు వేఱొక కంప్యూటరున ఆ ఫైలు లేదు. అతని వ్రేళ్లు తడబడెను. సగము కాలము వృథా యయ్యెను. నకలు చేసిన వరుసలలో ఏది యేల యున్నదో అతడెఱుగడు.

కావున విద్యార్థులారా, ఒక యసౌకర్యము ముమ్మాఱు కలిగిన పిదపనే ఒక వరుసను చేర్చుడు. దాని కారణమును పైనొక పంక్తిలో వ్రాయుడు. జంట కొటేషను గుర్తుతో మొదలైన పంక్తిని విమ్ వివరణగా నెంచి విడుచును. వారమున కొకమాఱు ఆ ఫైలు లేకయే పనిచేసి చూడుడు. పనిముట్టు మనకు లోబడవలెను గాని, మనము పనిముట్టునకు లోబడరాదు.