పంటిమీది మచ్చ – పంటిలోని పుచ్చు

అర్ధరాత్రి పన్నుపోటు మొదలైందనుకోండి. దంతవైద్యుడు పట్నంలో ఉంటాడు. బస్సు తెల్లవారితేగాని రాదు. ఈ అవస్థ చాలా పల్లెల్లో తెలిసినదే. కాని ఆ పోటు ఆ రాత్రి పుట్టినది కాదు. నెలల క్రితమే, ఒక్కొక్కప్పుడు ఏళ్ళ క్రితమే దానికి బీజం పడింది. ఆ బీజం పడకుండా చూడటం మన చేతిలో పని. అందుకు ముందు మచ్చకూ పుచ్చుకూ తేడా తెలియాలి.

మచ్చ ఎందుకు వస్తుంది?

అనంతపురం ప్రాంతంలో కొందరు పిల్లల ముందుపళ్ళ మీద సున్నపు గీతల వంటి తెల్లని చారలు, పసుపు లేక గోధుమరంగు మచ్చలు కనిపిస్తాయి. పళ్ళు సరిగా తోముకోకపోవడమే కారణమని చాలామంది పొరబడతారు. అసలు కారణం నీళ్ళలో ఉంది.

ఇక్కడ ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వర్షమే పడుతుంది. బావులు ఎండిపోగా లోతైన బోర్లు వేసుకున్నాం. నల్లరాతి పగుళ్ళలో ఏళ్ళ తరబడి నిలిచిన నీరు, ఆ రాళ్ళలోని ఖనిజాల నుండి ఫ్లోరైడ్‌ను కరిగించుకుంటుంది. తాగేనీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము మించకూడదు. వేరే నీరు దొరకనిచోట 1.5 వరకు సహించవచ్చునని భారతీయ ప్రమాణాలు చెబుతున్నాయి. అమెరికాలో 1901లో మెక్‌కే అనే దంతవైద్యుడు ఇటువంటి మచ్చలను గమనించాడు. వాటికి ఫ్లోరైడ్ కారణమని 1931లో తేలింది. మన దేశంలో, అప్పటి నెల్లూరు జిల్లాలోని ఫ్లోరోసిస్‌ను గురించి షార్ట్, ఆయన సహచరులు 1937లో ప్రకటించారు.

ముందుపళ్ళ పైనుండే పింగాణీ పొర చిగురులోపల, దాదాపు ఎనిమిదేళ్ళ లోపు తయారవుతుంది. ఆ వయసులో ఎక్కువ ఫ్లోరైడ్ ఒంట్లో చేరితే ఆ పొర సరిగా ఏర్పడదు. ధర్మవరం చీర అంచును ఎంత ఉతికినా పోతుందా? అది నేతలోనే ఉంది కదా! ఈ మచ్చ కూడా అంతే. దాన్ని పోగొట్టాలని ఇటుకపొడి, ఇసుక, బొగ్గు పెట్టి రుద్దితే మచ్చ పోదు, పింగాణీ పొర అరిగిపోతుంది. అరిగిన పొర మళ్ళీ పెరగదు. అంటే మచ్చను వదిలించబోయి నొప్పిని తెచ్చుకున్నట్లే!

పుచ్చు ఎలా వస్తుంది?

ఒక ప్రయోగం చేయండి. రెండు గ్లాసులలో కోడిగుడ్డు పెంకు ముక్కలు వేయండి. ఒకదానిలో నీళ్ళు, రెండవదానిలో నిమ్మరసం పోసి మర్నాడు చూడండి. నిమ్మరసంలోని పెంకు పలచబడి మెత్తనవుతుంది. పెంకులోను, పంటిలోను ఉండే కాల్షియం లవణాలు వేరైనా, రెంటినీ ఆమ్లం కరిగిస్తుంది.

నోటిలోని బాక్టీరియా బెల్లం, చక్కెర, బిస్కెట్ల తునకలను తిని ఆమ్లాన్ని విడుదల చేస్తుంది. లాలాజలం దాన్ని విరిచి, పంటిని బాగుచేయడానికి సుమారు అరగంట పడుతుంది. మీరు ఊరికే ఏదో ఒకటి చప్పరిస్తూ ఉంటే దానికి ఆ వ్యవధి ఎక్కడిది? పింగాణీ పొర కరిగేటప్పుడు నొప్పి ఉండదు. దాని కిందిపొర చేరగానే చల్లనీళ్ళు జివ్వుమంటాయి. లోపలి నరాన్ని తాకితే పోటు, తరువాత చీము, వాపు.

రోజూ చేయవలసినవి

1. ఉదయం, రాత్రి పడుకోబోయే ముందు మెత్తని బ్రష్‌తో తోముకోండి. పేస్టు బఠాణీగింజంత చాలు, మింగకండి. వేపపుల్లైతే కొస మెత్తగా నమిలి, చిగుళ్ళు గీరుకోకుండా వాడండి.
2. వేరుశనగ బెల్లపు ఉండైనా, మిఠాయైనా ఒక్కసారే తిని నీళ్ళతో పుక్కిలించండి.
3. సోడా మూతలు పళ్ళతో తీయకండి. వేయించిన చింతగింజలు కొరకకండి. ఇలాగే పళ్ళు విరుగుతాయి.
4. మీ ఊరి నీటిని పరీక్ష చేయించమని పెద్దలను అడగండి. ఫ్లోరైడ్ తక్కువ ఉన్న నీరు కొద్దిగానే దొరికితే, ఎనిమిదేళ్ళలోపు తమ్ముళ్ళకు, చెల్లెళ్ళకు ముందు ఇవ్వండి. నీటిని కాచినా ఫ్లోరైడ్ పోదు. నీరు ఇగిరినకొద్దీ సాంద్రత పెరుగుతుంది.
5. చల్లనీళ్ళు జివ్వుమంటే అప్పుడే వైద్యునికి చూపించండి.

అయినా ప్రమాదం జరిగితే?

కబడ్డీలో శాశ్వత దంతం ఊడిపడితే వేరును తాకకుండా పైభాగాన్ని పట్టుకోండి. మట్టి అంటితే ఒక్క క్షణం శుభ్రమైన నీటితో కడిగి, దాని గుంటలోనే పెట్టి, బట్టను మెల్లగా కొరికి పట్టుకోండి. వీలుకాకపోతే పాలలో వేసి, అరగంటలోగా వైద్యుని చేరడానికి ప్రయత్నించండి. పాలపన్నును మాత్రం తిరిగి పెట్టకూడదు. నొప్పి ఉన్నచోట కిరసనాయిలు, పొగాకు, మాత్రల పొడి పెట్టకండి, చిగురు కాలుతుంది. ముఖం వాచి జ్వరం వచ్చినా, మింగడం కష్టమైనా వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి.

ఈ రాత్రి అద్దంలో మీ పళ్ళు చూసుకోండి. మచ్చ కనిపిస్తే సిగ్గుపడవద్దు, రుద్దవద్దు. మచ్చ ఉన్న స్నేహితుడు నోరు మూసుకుని నవ్వుతుంటే, అది ఎందుకు వచ్చిందో అతనికి చెప్పండి. గుంట కనిపిస్తే మాత్రం ఆలస్యం చేయకండి.