దిగమన్నా దిగకూడని వేళ

చలికాలం ఉదయం. సిద్దిపేట జిల్లా కోహెడలో పొలాల మీద పొగమంచు దట్టంగా కమ్మిందనుకోండి. బడికి వెళ్ళే మీకు ఎదురుగా వచ్చే సైకిలు కూడా కనబడదు. ఏం చేస్తారు? నడక తగ్గిస్తారు, కాసేపు ఆగుతారు. మరి అలాంటి మంచులో శంషాబాదు విమానాశ్రయం చేరిన విమానం ఏం చేయాలి? అది గాలిలో ఆగలేదు కదా!

దానికి దారి చూపేవి రేడియో తరంగాలు. ఈ ఏర్పాటును ఇన్‌స్ట్రుమెంట్ లాండింగ్ సిస్టమ్ అంటారు. రన్‌వే అవతలి చివర ఉండే లోకలైజర్ రెండు సంకేతాలను పంపుతుంది. దిగబోయే పైలట్‌కు ఎడమవైపు సెకనుకు 90 కంపనాల సంకేతం, కుడివైపు 150 కంపనాల సంకేతం బలంగా ఉంటాయి. రెండూ సమానంగా అందితే విమానం రన్‌వేకు సూటిగా ఉన్నట్టే. గ్లైడ్ స్లోప్ అనే మరో పరికరం ఇదే పద్ధతిలో ఎత్తు సరిగా ఉందో లేదో చెబుతుంది. అది చూపే దారి సాధారణంగా 3 డిగ్రీల వాలులో ఉంటుంది.

ఆ వాలును మీరే చూడవచ్చు. బడి ఆవరణలో 19 మీటర్ల తాడును ఒక కొస నేలకు ఆనించి, రెండో కొసను ఒక మీటరు ఎత్తున గుంజకు బిగించి కట్టండి. అదే 3 డిగ్రీల వాలు!

అయితే పరికరాలను నమ్మి ఎంతవరకు దిగవచ్చు? మామూలు పద్ధతిలో సుమారు 200 అడుగుల ఎత్తు వరకే. అంటే 60 మీటర్లు. మూడు తాటిచెట్లను ఒకదానిపై ఒకటి నిలిపినంత. దీనిని నిర్ణయపు ఎత్తు అంటారు. మేలైన పరికరాలు, ప్రత్యేక శిక్షణ ఉన్నచోట ఇంకా కిందికి రావచ్చు. అక్కడికి వచ్చేసరికి రన్‌వే గాని, దాని దీపాలు గాని కనిపించాలి. లేకపోతే "ఇంకాస్త దిగి చూద్దాం" అనడానికి వీల్లేదు. ఇంజన్ల బలం పెంచి, ముందే నిర్ణయించిన దారిలో పైకి లేవాలి. ఇదే మిస్డ్ అప్రోచ్.

వ్యవధి ఎంతో లెక్క కట్టండి. 60 మీటర్ల ఎత్తు నుంచి ఈ వాలులో నేల తాకాలంటే సుమారు 1,140 మీటర్లు ముందుకు పోవాలి. వేగం సెకనుకు 70 మీటర్లు. మిగిలింది 16 సెకన్లే! అందుకే ఏం చేయాలో ముందుగానే అనుకొని ఉంచుకుంటారు.

మరి కంట్రోల్ టవర్ "దిగవచ్చు" అని అనుమతి ఇచ్చింది కదా? ఆ మాటకు రన్‌వే వాడుకోవచ్చని అర్థం. దిగి తీరాలని ఆజ్ఞ కాదు. అనుమతి లేనిదే దిగకూడదు. అనుమతి ఉన్నా, దిగడం క్షేమమా కాదా అన్న నిర్ణయం పైలట్‌దే.

మంచు లేని రోజున కూడా ఈ నిర్ణయం అవసరమవుతుంది. విమానం ఎత్తు, వేగం కుదరకపోయినా తిరిగి లేవవలసిందే. 2010 మే 22న దుబాయి నుంచి మంగళూరు వచ్చిన బోయింగ్ విమానం ఉండవలసిన దానికంటే చాలా ఎత్తున ఉంది. దిగే అనుమతి దొరికింది. తిరిగి లేద్దామని సహ పైలట్ చెప్పినా కెప్టెన్ దిగడానికే పూనుకున్నాడు. సుమారు 2,450 మీటర్ల రన్‌వేలో దాదాపు 1,600 మీటర్లు దాటాక గాని చక్రాలు నేల తాకలేదు. విమానం రన్‌వే దాటి లోయలో పడింది. అందులోని 166 మందిలో 158 మంది మరణించారు. కుదరని దిగుడును మానకపోవడమే ప్రత్యక్ష కారణమని దర్యాప్తులో తేలింది.

కాబట్టి ఎప్పుడైనా మీరెక్కిన విమానం నేల దాకా వచ్చి గభాలున పైకి లేస్తే భయపడకండి. అది మళ్ళీ ప్రయత్నిస్తుంది, లేదా వేరే ఊరికి పోతుంది. అందుకు కావలసిన ఇంధనం ముందే నింపుకొని వస్తుంది. ఆలస్యమవుతుంది, నిజమే. కాని ఆ పైలట్ ఓడిపోయినట్టు కాదు. తన పని సరిగా చేసినట్టు.