పరాయి నేలపై బంగ్లా సోదరులు: మనకు పాఠాలు

బతుకుదెరువు కోసం ఊరు విడిచిన మనిషిని మన పల్లెల్లో "వలస పోయిండు" అని ఒక్క మాటలో అనేస్తాం. ఆ మాట వెనుక అప్పు ఉంటుంది, ఎదురుచూసే తల్లి ఉంటుంది, తండ్రి ముఖం ఫోనులోనే చూసే పిల్లలుంటారు. వరంగల్ నేతన్నలు సూరత్, భివండీ మగ్గాలకు పోయారు. జగిత్యాల, కరీంనగర్, నిజామాబాద్ యువకులు గల్ఫ్‌కు పోయారు. అక్కడి లేబర్ క్యాంపుల్లో మన పిల్లలతోపాటు బతుకుతున్నవారిలో బంగ్లాదేశీయులు ఎందరో ఉన్నారు. వారి వలస కథను చదివితే మన కథ మనకు తేటగా అర్థమవుతుంది.

సిల్హెట్ నుంచి లండన్‌కు

బంగ్లాదేశ్ ఈశాన్యంలో సిల్హెట్ అనే ప్రాంతం ఉంది. బ్రిటిషు కాలంలో అక్కడి యువకులు కలకత్తా రేవులో ఓడలెక్కి, ఇంజను గదుల్లో బొగ్గు వేసే పనికి కుదిరేవారు. వారిలో కొందరు లండన్‌లో దిగి అక్కడే ఉండిపోయారు. హోటళ్లలో పనిచేసి, తర్వాత సొంత హోటళ్లు పెట్టారు. 1950, 60లలో అక్కడి కర్మాగారాలకు కూలీలు కావలసి వచ్చినప్పుడు తమ ఊరివారిని పిలిపించుకున్నారు. తర్వాత భార్యాబిడ్డలూ చేరారు.

ఆ దారి పూలబాట కాదు. 1978 మే 4న అల్తాబ్ అలీ అనే బట్టల కార్మికుడు పని ముగించుకొని ఇంటికి పోతుండగా జాతి విద్వేషంతో హత్యకు గురయ్యాడు. వేలమంది ఆయన శవపేటిక వెంట నడిచి న్యాయం అడిగారు. నేడు అక్కడి పార్కుకు ఆయన పేరే ఉంది. దగ్గరలోని బ్రిక్ లేన్ మసీదు భవనాన్ని 1743లో ఫ్రాన్సు నుంచి వచ్చిన క్రైస్తవ శరణార్థులు చర్చిగా కట్టుకున్నారు. తర్వాత అది యూదుల ప్రార్థనాలయమైంది. 1976లో మసీదు అయింది. వలస వచ్చిన ప్రతి సమూహానికీ ఆ నాలుగు గోడలు నీడనిచ్చాయి. 2021 జనగణన ప్రకారం ఇంగ్లండ్, వేల్స్‌లలో 6 లక్షల 44 వేల మందికి పైగా బంగ్లాదేశీ మూలాలవారున్నారు.

గల్ఫ్ దారి వేరు

లండన్ వెళ్లినవాడు పౌరుడయ్యాడు. గల్ఫ్ వెళ్లినవాడు ఎన్నేళ్లున్నా కార్మికుడే. వీసా కఫీల్ మీద ఆధారపడి ఉంటుంది. కూలి జీతంతో కుటుంబాన్ని తీసుకుపోలేడు. 1976లో బంగ్లాదేశ్ నుంచి విదేశీ పనులకు వెళ్లినవారు సుమారు 6 వేలమంది. 2023లో 13 లక్షలకు పైగా వెళ్లారు.

ఆ దేశం వారికోసం వ్యవస్థలు నిర్మించింది. 1976లో ఉపాధి శిక్షణ బ్యూరో, 1990లో సంక్షేమ నిధి, 2001లో ప్రత్యేక మంత్రిత్వ శాఖ, 2011లో ప్రవాసుల బ్యాంకు వచ్చాయి. అయినా దళారికి కట్టే సొమ్ము వారికి నేటికీ మోయలేని భారమే. సంస్థ రాజధానిలో ఉంటుంది, దళారి ఊళ్లోనే ఉంటాడు. మనం నేర్వవలసిన మొదటి పాఠం ఇదే.

మన ఇంటి లెక్క

మన దేశంలోనూ రక్షణలున్నాయి. పదో తరగతి పాస్ కానివారి పాస్‌పోర్టు సాధారణంగా ఇ.సి.ఆర్. కోవలోకి వస్తుంది. అటువంటివారు గల్ఫ్ దేశాలకు పనికి వెళ్లాలంటే 1983 వలస చట్టం ప్రకారం ప్రభుత్వ అనుమతి తప్పనిసరి. ఆ దారిలో వెళితే ప్రవాసీ భారతీయ బీమా యోజన ఉంటుంది. రెండేళ్లకు 275 రూపాయల ప్రీమియంతో ప్రమాద మరణానికి, శాశ్వత వైకల్యానికి 10 లక్షల రక్షణ. లైసెన్సు ఉన్న ఏజెంటు తీసుకోదగిన సేవా రుసుము 30 వేలు, దానిపై జి.ఎస్.టి. మాత్రమే. 2024లో మన రాష్ట్ర ప్రభుత్వం గల్ఫ్‌లో మరణించినవారి కుటుంబానికి 5 లక్షల సాయం ప్రకటించింది.

కానీ "విజిట్ వీసా మీద పో, అక్కడ పని చూపిస్తా" అన్న దళారి మాట నమ్మి ఎక్కినవాడికి ఆ అనుమతీ ఉండదు, ఆ బీమా కూడా ఉండదు. ఉపాధ్యాయులుగా మేము చెప్పగలిగేది ఒకటే. బడి మధ్యలో మానిన పిల్లవాడే ఇరవై ఏళ్లకు తాను చదవలేని కాగితం మీద సంతకం పెడతాడు.

మనం చేయదగినవి

శవం తిరిగొచ్చిన తర్వాత చందాలు పోగుచేయడం పుణ్యమే. వెళ్లకముందే కాగితాలు చదివిపెట్టడం అంతకన్నా మేలు. ప్రతి మసీదు, ప్రతి సంఘం వారానికి ఒక గంట దీనికి కేటాయించాలి. ఏజెంటు లైసెన్సును ఇ-మైగ్రేట్ వెబ్‌సైటులో సరిచూడాలి. ఒప్పందంలో జీతం, పని, సెలవు ఏమి రాశారో తెలుగులోనో ఉర్దూలోనో వివరించాలి. పాస్‌పోర్టు, వీసా, బీమా నకళ్లు ఇంట్లో ఇల్లాలి దగ్గర ఉంచాలి. పది తప్పిన పిల్లలచేత ఓపెన్ స్కూలు పరీక్ష రాయించాలి.

మరొక మాట. మన పట్టణంలో ఇళ్లు కట్టే కూలీల్లోనూ దూరప్రాంతాలవారున్నారు. వారి భాష వేరని చిన్నచూపు చూడరాదు. చెమట ఆరకముందే కూలి చెల్లించమన్నారు ప్రవక్త (స). మన బిడ్డకు దుబాయిలో ఏ న్యాయం కోరుకుంటామో, మన వీధిలోని పరాయి బిడ్డకు ఆ న్యాయం మనమే ముందు చేయాలి.